డల్సీ క్రాడక్ స్నానపు పాలు

ఆస్ట్రేలియాలో మాకు చలికాలమైన జూలై నెలలో ఒక గురువారం పొద్దున, గడ్డి మీద మంచు ఇంకా తెల్లగా పేరుకుని ఉండగా, రిటైరైన బ్యాంకు మేనేజరు నెవిల్ ట్రాస్క్ గారు డల్సీ క్రాడక్ గడ్డిబీట్లో, ఒక ఇనుప స్నానపు తొట్టిలో, పాలు కలిపిన వేణ్ణీళ్ళలో మెడదాకా మునిగి కూర్చుని ఉన్నారు. నడుముకి ఈతలాగు, నెత్తిన ఉన్నిటోపీ. తొట్టి అవతలి చివర డచెస్ అనే జెర్సీ ఆవు మూతి పెట్టి తాగుతోంది. సరిగ్గా అప్పుడే స్కూలు బస్సు మలుపు తిరిగింది. డ్రైవరు మర్యాద తెలిసిన మనిషి, బండి మెల్లగా పోనిచ్చాడు. పిల్లలు చేతులూపారు. నెవిల్ గారు టోపీ తీసి పలకరించి మళ్ళీ పెట్టుకున్నారు. ఆవు ఎవరినీ పట్టించుకోలేదు.

ఇదంతా పూర్తిగా చట్టప్రకారమే జరిగింది. అసలు చట్టం కోసమే జరిగింది.

డల్సీకి అప్పటికి డెబ్భై దగ్గర పడుతున్నాయి. మనిషి పొట్టి, గొంతు పెద్దది. మొగుడు లెన్ పోయాక మందనంతా అమ్మేసి నాలుగు జెర్సీలని మాత్రం ఉంచుకుంది. ఎందుకమ్మా ఈ చాకిరీ అని ఎవరైనా అడిగితే, "తెల్లారగట్ట నా మీద అరిచి లేపడానికి ఎవరో ఒకరు ఉండాలిగా. లెన్ లేడు, ఆ పని వీటికి అప్పజెప్పాను" అనేది.

నాలుగు ఆవుల పాలు ఒక్క మనిషి తాగలేదు. అమ్ముదామంటే మా రాష్ట్రంలో పచ్చిపాలు తాగడానికి అమ్మకూడదు. ఒంటికి రాసుకోవడానికి, స్నానానికి అయితే అడ్డు లేదు. అందుకని డల్సీ ప్రతి సీసా మీదా ఒక కాగితం అంటించేది: "స్నానపు పాలు. ఒంటికి మాత్రమే. తాగరాదు." గురువారం పొద్దున ఆవిడ గేటు దగ్గర ఊళ్ళో సగం మంది ఖాళీ సీసాలతో నిలబడేవాళ్ళు. మా ఊరంత శుభ్రమైన ఊరు ఆస్ట్రేలియా మొత్తంలో లేదని చూసినవాళ్ళు అనుకోవాలి.

చట్టం మరీ మతిలేనిదని డల్సీ ఏనాడూ అనలేదు. చిన్నప్పుడు ఆవిడ చెల్లెలు ఎవరింట్లోనో పచ్చిపాలు తాగి చావు తప్పించుకుని బయటపడింది. అందుకే పొదుగులు కడగడంలో, బిందెలు మరగబెట్టడంలో డల్సీది పిచ్చి అనదగ్గ శ్రద్ధ. చంటిపిల్లల తల్లులు వస్తే సీసా చేతికిచ్చే ముందు గట్టిగా చెప్పేది: "పసివాడికి స్నానం పోసేముందు బాగా కాచు. పొంగు వచ్చేదాకా కాచు. లేకపోతే నీకు సీసా లేదు." తల్లులు బుద్ధిగా తలూపేవాళ్ళు.

గేటు దగ్గర ఒకటే నియమం. తాగడం అన్న మాట ఎవరి నోటినుంచీ రాకూడదు. మాంసం కొట్టు క్లెమ్ ఒకసారి పరధ్యానంలో నోరు జారాడు.

"డల్సీ, కస్టర్డ్‌కి రెండు సీసాలివ్వు."

"ఎవరికి?"

"అదే, కస్టర్డ్..."

"ఆ పేరుగలవాళ్ళెవరూ మన ఊళ్ళో స్నానం చెయ్యరు. వచ్చే గురువారం రా."

క్లెమ్ ఆ వారమంతా కొట్లో దొరికే కాచిన పాలు పోసుకుని, అత్తగారు చచ్చినా అంత బాధపడనన్నట్టు తిరిగాడు. అప్పట్నుంచి ఊరి భాషే మారిపోయింది. "ఈ వారం స్నానం ఎలా ఉంది?" అని ఒకావిడ అడిగితే, "మీగడ వేలెడు మందం కట్టింది. మా ఆయన పొద్దున ఒకసారి చేశాడు, మధ్యాహ్నం ఓట్స్‌తో ఇంకోసారి చేశాడు" అని రెండో ఆవిడ. చర్చి హాల్లో అన్నపు పాయసం రెండుసార్లు వడ్డించుకున్న పాస్టరు గారు మూతి తుడుచుకుని, ఇంత కమ్మటి స్నానం ఈ మధ్యకాలంలో ఎరగనన్నారు.

అలా ఏళ్ళ తరబడి సాగింది. తర్వాత పక్క జిల్లాలో ఎక్కడో ఎవరికో పాలు తాగి కడుపు చెడిందట. దాంతో పచ్చిపాలు అమ్మేవాళ్ళందరి గేట్ల దగ్గరా తిరగడానికి మెల్‌బోర్న్ నుంచి ఒక ఇన్‌స్పెక్టరు బయల్దేరాడు. పేరు గ్రేమ్ పాలిట్. మెత్తటి మనిషి. మా కొండల చలి పడక ముక్కు ఎర్రగా ఉండేది. డల్సీ గేటు దగ్గర కాసేపు నిలబడి, నాలుగు సీసాలు చంకలో పెట్టుకుని వెళ్తున్న నెవిల్ గారి వెంట నడిచాడు.

"ఇవన్నీ స్నానానికేనా సార్?"

"మరి దేనికనుకున్నారు?"

"నాలుగు సీసాలా?"

"శుభ్రత దగ్గర నేను రాజీపడను."

"మంచిది. మీ స్నానపు తొట్టి ఒకసారి చూడొచ్చా?"

ముప్ఫై ఏళ్ళు బ్యాంకులో కూర్చున్న ధీమాతో నెవిల్ గారు సరేనని ఇంటికి తీసుకెళ్ళి, స్నానాలగది తలుపు బార్లా తెరిచారు. గోడకి షవరు ఉంది. దాని కింద ప్లాస్టిక్ స్టూలు ఉంది. పట్టుకోవడానికి ఇనుప కడ్డీ ఉంది. ఇద్దరూ కాసేపు ఆ స్టూలునే చూస్తూ నిలబడ్డారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ముసలివాళ్ళు తొట్లలో జారిపడుతున్నారని మా కౌన్సిల్ వాళ్ళు ఇంటింటికీ తిరిగి తొట్లు పీకేసి షవర్లు పెట్టించారు. పీకేసిన తొట్టి ఏం చేసుకుంటారు? మా వైపు స్నానపు తొట్టి ముసలిదైతే బీట్లోకి పోతుంది, పశువులు నీళ్ళు తాగడానికి. ఊరి తొట్లన్నీ డల్సీయే పట్టుకెళ్ళింది. అంటే డల్సీ దగ్గర స్నానపు పాలు కొనేవాళ్ళలో ఒక్కరికీ స్నానపు తొట్టి లేదు. అవన్నీ పాలిచ్చే ఆవుల దగ్గరున్నాయి. ఇన్నేళ్ళలో ఈ సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు.

"తొట్టి ఏదండీ?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"నేను స్నానం డల్సీ దగ్గర చేస్తాను" అన్నారు నెవిల్ గారు.

నెవిల్ గారు భార్య పోయిన మనిషి. డల్సీ మొగుడు పోయిన మనిషి. సాయంత్రానికల్లా ఆ మాట, పెద్దవాళ్ళు పచ్చిక మీద బంతులు దొర్లించుకునే బౌలింగ్ క్లబ్బులో, బీరుతో పాటు బల్లలన్నీ తిరిగింది. డల్సీ తన పాత బండేసుకుని నెవిల్ గారింటికి వచ్చింది.

"నా దగ్గర స్నానం చేస్తున్నావట. ఎప్పట్నుంచి?"

"నోటికి అదే వచ్చింది డల్సీ."

"లోను అడిగినవాళ్ళకి ముప్ఫై ఏళ్ళు తడుముకోకుండా అబద్ధాలు చెప్పావు. నా దగ్గరికొచ్చేసరికి ఒక్కటి సరిగ్గా చెప్పలేకపోయావా?"

"నీ పరువుకి భంగం వస్తే..."

"నా పరువు సంగతి నేను చూసుకుంటాను, ఈ వయసులో దానికి కాస్త గాలి తగిలినా మంచిదే. మా ఇంట్లో కూడా షవరే కదయ్యా, దానికేం చెప్పను?"

మర్నాడు ఇన్‌స్పెక్టరు రానే వచ్చాడు. డల్సీ ఇంట్లో షవరు చూశాడు. డల్సీ అతన్ని వెనక బీట్లోకి తీసుకెళ్ళింది. వాలు పొడుగునా తొట్లు వరసగా ఉన్నాయి, తెల్లవి, పచ్చవి, గులాబీ రంగువి.

"అదుగో, అదే నెవిల్‌ది. నాలుగు కాళ్ళది."

"ఇక్కడా? ఈ చలిలోనా?"

"వేణ్ణీళ్ళు నేను మోస్తాను. కొండగాలి ఒంటికి మంచిదంటాడు."

ఇన్‌స్పెక్టరు ముక్కు చీదుకున్నాడు. "మిసెస్ క్రాడక్, మీరంటే నాకు కోపం లేదు. కానీ మీ పాలు ఒక్కళ్ళు తాగుతున్నట్టు తేలినా నేను అమ్మకం ఆపించాలి. తప్పదు."

"ఆపిస్తే ఈ ఆవుల్ని లారీ ఎక్కించాలి నాయనా. కుర్రవి రెండూ ఎక్కడైనా బతుకుతాయి. పెద్దవి రెండింటినీ కొనేది కసాయివాడే."

"అందుకే నా కళ్ళతో చూస్తానంటున్నాను. గురువారం వస్తాను. ఆయన్ని స్నానం చెయ్యమనండి."

అలా జరిగింది ఆ గురువారం. డల్సీ ఆరు బాల్చీల వేణ్ణీళ్ళు మోసింది, పాలు పోసింది. ఎప్పుడూ తాగే తొట్టిలోంచి తనని తోలెయ్యడం డచెస్‌కి అర్థం కాలేదు. ఎంత తోలినా తిరిగి వచ్చింది. నెవిల్ గారు తొట్టిలో నిటారుగా, లోను ఇవ్వడం కుదరదని చెప్పేటప్పుడు పెట్టే ముఖంతో కూర్చున్నారు.

"ఎలా ఉంది సార్?" అన్నాడు ఇన్‌స్పెక్టరు కంచె అవతలి నుంచి, మర్యాదకి పక్కకి చూస్తూ.

"ఆరోగ్యకరంగా ఉంది" అన్నారు నెవిల్ గారు, పళ్ళు టకటకలాడుతుంటే. "డల్సీ, ఈ ఆవు నా మోకాలు నాకుతోంది."

"ఉప్పుకోసం. కదలకు, సిగ్గుపడుతుంది."

ఇన్‌స్పెక్టరు చాలాసేపు దగ్గుతున్నట్టు నటించాడు. నెవిల్ గారిని తువ్వాళ్ళలో చుట్టి వంటింటి పొయ్యి దగ్గరికి పంపించాక డల్సీతో పాటు గేటు దాకా నడిచాడు. అప్పటికే జనం వరసకట్టి ఉన్నారు. ఒక్కళ్ళూ నోరు మెదపడం లేదు. క్లెమ్ అయితే మెడలో తువ్వాలు వేసుకుని మరీ వచ్చాడు. అలా వెయ్యమని ఎవరూ చెప్పలేదు.

"మిసెస్ క్రాడక్," అన్నాడు ఇన్‌స్పెక్టరు, గొంతు తగ్గించి, "నేను చిన్నపిల్లవాణ్ణి కాదు. కానీ నేను కళ్ళతో చూసింది స్నానం. ఈ చెవులతో ఇంకోటి వినకపోతే నాకు రాసుకోవడానికి ఏమీ లేదు. ఇంకో పది నిమిషాలు నిలబడి వెళ్ళిపోతాను."

డల్సీ సీసాలు అందించడం మొదలుపెట్టింది. వెనక ఆవులు నెమరేస్తున్నాయి. ముగ్గురు తీసుకుని వెళ్ళారు. పాస్టరు గారు సీసా తీసుకుని, ఎందుకైనా మంచిదని మోచేతి మీద రెండు చుక్కలు రాసుకుని వెళ్ళారు. ఇన్‌స్పెక్టరు కారు తాళాలు చేతిలోకి తీసుకున్నాడు.

అప్పుడు రోడ్డు మలుపులోంచి హెస్టర్ పిమ్ వచ్చింది. హెస్టర్‌కి ఎనభై దాటాయి, చెవుడు. మొన్న సోమవారం నుంచి అక్కగారి ఊళ్ళో ఉండి ఆ పొద్దునే బస్సు దిగింది. ఊళ్ళో ఏం జరుగుతోందో ఆవిడకి ఎవరూ చెప్పలేదు, చెప్పినా వినపడేది కాదు. క్లెమ్ ఎదురెళ్ళి ఏవో సైగలు చేశాడు. ఆవిడ అతని తువ్వాలు చూసి, ఈతకి బయల్దేరావా అని అడిగి, పక్కకి నెట్టి, తిన్నగా వచ్చి ఇన్‌స్పెక్టరు పక్కనే నిలబడింది. చెవిటివాళ్ళు మాట్లాడే గొంతుతో, కొండ అవతలికి కూడా వినపడేలా అంది:

"డల్సీ, పోయిన వారం నువ్విచ్చిన పాలు నా టీలో విరిగిపోయాయే."

ఇన్‌స్పెక్టరు చేతిలో తాళాలు ఆగిపోయాయి. అతను మెల్లగా డల్సీ వైపు తిరిగాడు.

డల్సీ హెస్టర్ చేతిలోని ఖాళీ సీసా అందుకుంది.

"స్నానం చేస్తూ టీ తాగొద్దని నీకు ఎన్నిసార్లు చెప్పాను హెస్టర్?"