మబ్బుల పోదమన్న పూట

“మబ్బుల పోదం అత్తమ్మా, మబ్బుల పోతేనే అందుతం” అంది మా కోడలు స్వరూప.

“మబ్బుల్లో ప్రయాణమేంటమ్మా? ఎండలో వెళదాం” అన్నాను.

“ఎండెక్కినంక ఎల్బీనగర్‌ల బస్సులన్ని నిండుతయి. నిలవడి పోతవా గంత దూరం?”

“నిలబడే పోతాను. మబ్బుగా ఉంటే మాత్రం గడప దాటను.”

“నువ్వేంది ఉల్టా మాట్లాడుతవ్? మా అమ్మ ఇప్పటికీ దినాం మబ్బుల్నే లేసి వాకిలి ఊడుస్తది.”

“దినాం మబ్బేనా మీ ఊళ్ళో? మరి ముగ్గేం నిలుస్తుంది, చినుకు పడితే?”

“చినుకు ముచ్చటేంది నడిమిట్ల? నీతోని కాదు పో. ఎండల్నే రా, నీ ఇష్టం” అని స్వరూప చేతిలో ఉన్న తేగల కవరు వంటగట్టు మీద పడేసి లోపలికి పోయింది. ఆ పిల్ల వాటిని గేగులంటుంది. అదొక తగువు.

మబ్బుల అంటే ఇక్కడ అర్థం వేరని ఆ సాయంత్రం నాకు తెలియదు. తెల్లవారకముందు, మనం చీకటితోనే అంటామే, నల్లగొండ వాళ్ళకి అది మబ్బుల. స్వరూపది నల్లగొండ పక్క పల్లె. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో కొడుకింటికి వచ్చి ఏడాది కూడా నిండలేదు. నాకు తెలిసిన మబ్బు ఒక్కటే, ఆకాశంలో పట్టేది. పైగా తగువుకి ముందే ఆ పిల్ల తన ఫోనులో మా కోస్తా వైపు వచ్చే వారం వాతావరణం చూపించింది. బాపట్ల పేరు కింద వరసగా సూర్యుడి బొమ్మలు, పగలంతా వెచ్చన, వేకువన కాస్త మంచు, వారం చివర మాత్రం ఒక బూడిదరంగు మబ్బు బొమ్మ, దాని కింద చినుకులు. నా కళ్ళు ఆ బొమ్మ మీదే ఆగిపోయాయి. మబ్బుల పోదం అనగానే, ఎండ రోజులన్నీ వదిలేసి ఆ మబ్బు రోజున బయల్దేరదామంటోందనుకున్నాను.

వెళ్ళవలసింది మా అక్క దగ్గరికి. అక్కకి మతిమరుపు ముదిరి, అన్నం కలిపి పెట్టే కూతుర్నే ఎవరమ్మా నువ్వు అంటోంది. అలాంటిది ఆ మధ్యాహ్నం కూతురు ఫోను చేసింది. “పిన్నీ, అమ్మకి ఇవాళ బాగా తెలివొచ్చింది. బుల్లి ఏదే, బుల్లిని పిలిపించవే అని నిన్నే అడుగుతోంది. ఈ తెలివి ఎంతసేపుంటుందో తెలీదు, రేపే వచ్చెయ్” అంది. మా అబ్బాయి లారీ మీద బెంగుళూరు వెళ్ళి ఉన్నాడు. బస్సులు మారి ఒక్కదాన్నే వెళ్ళడానికి నా మోకాళ్ళు ఒప్పుకోవు. స్వరూపే తను పనిచేసే బట్టల కొట్లో ఒకరోజు సెలవు అడిగి, నన్ను దింపి వస్తానంది. నేను అడగలేదు, తనంతట తనే. ఆ మంచితనం చూడక నేను మబ్బుని పట్టుకు కూర్చున్నాను.

ఏం చెయ్యను, మబ్బు భయం ఉగ్గుపాలతో పెట్టారు మాకు. మా ఊరు బాపట్లకి దిగువన, రాత్రి గాలి తిరిగితే సముద్రపు హోరు వినిపించేంత దూరంలో ఉంది. అక్కడి చలి ఇక్కడి పొడి చలి కాదు. తెల్లారేసరికి చూరు తాటాకుల కొసల నుంచి మంచు బొట్టుబొట్టుగా కారి వాకిట్లో గీత గీసినట్టు తడిపేది, పొద్దు బారెడెక్కితే ఆ తడీ ఉండేది కాదు, వీపున చెమట పట్టేది. మార్గశిరంలో వీధి వీధంతా తేగలు తంపట వేసిన పొగ వాసన, కొత్త బియ్యపు గంజి వాసన, దడుల మీద ఆరేసిన గుమ్మడి వడియాల్లో ఇంగువ వాసన. వామనగుంటలు ఆడుతూ ఆడుతూ అక్క తేగ చీల్చి, లోపలి తీపి చందమామని తను తినకుండా నా నోట్లో పెట్టేది. పెట్టి, ఆటలో నా చింతపిక్కలన్నీ ఊడ్చుకుపోయేది.

ఆ రోజుల్లోనే కోసిన వరి పనలు పొలంలో పరిచి ఉండేవి. అవి ఎండి కుప్పకెక్కిందాకా ఇంట్లో ఎవరూ గట్టిగా నవ్వేవాళ్ళు కారు. మా నాయనమ్మ పొద్దున్నే లేచి అడిగే మొదటి మాట, “ఉప్పెలా ఉందే?” అని. అక్క ఉప్పుజాడీలో వేలు పెట్టి చూసి, పొడిగా ఉంటే పొడి అనేది. చెమర్చితే వేలు పైకెత్తి పట్టుకుని పొలం దాకా పరిగెత్తేది. మా ఇంటికి ఉప్పుజాడీ చెప్పిందే వాతావరణం.

ఒక ఏడాది అమ్మ పుట్టింటికి ప్రయాణం కట్టింది. బండి పూన్చారు, గడ్డి మీద దుప్పటి పరిచారు, నా జడలకి కనకాంబరాలు పెట్టారు. తూర్పున చేటంత మబ్బు కనిపించింది. అక్క వేలు పైకెత్తి వచ్చింది. అమ్మ వినలేదు; ఎన్నాళ్ళకో వెళుతున్నాను, పోనిమ్మంది. నాన్న మాట కాదనలేక బండి తోలాడు. ఊరి పొలిమేర దాటకముందే చినుకులు, ఆ వెంటనే కుండపోత. తిరిగి వచ్చేసరికి సగం పనలు నీళ్ళలో తేలుతున్నాయి. ఒకే గోనెసంచిని కొప్పెర చేసి అక్కా నేనూ తలలు రెండూ అందులో దూర్చుకుని, మోకాలి లోతు నీళ్ళలో పనలు మోశాం. గోనె ముక్కిన వాసన, అక్క మెడ చెమట వాసన, మునిగిన వరి వాసన మూడూ కలిసిన ఆ వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. ఎండాకాలం దాకా మొలకెత్తిన వడ్ల బియ్యమే వండుకున్నాం, అంటుకుపోయే పులిసిన అన్నం. ఎవరైనా మూతి ముడిస్తే నాయనమ్మ కంచం లాగేసేది. “మబ్బు చూసి గడప దాటితే ఇంతే” అనేది. అమ్మ ఆ తర్వాత పుట్టింటి మాటెత్తలేదు.

అదీ నా మబ్బు.

మర్నాడు చీకటి ఉండగానే స్వరూప లేచిన చప్పుడు విన్నాను. నీళ్ళు పోసుకుంది, టీ పెట్టింది. కొట్టుకు పోతోంది కాబోలు, పిలిస్తే లోకువ అని కళ్ళు మూసుకునే పడుకున్నాను. ఎండ కిటికీలోకి వచ్చాక తయారై బయటికి వస్తే, సంచీ ఒళ్ళో పెట్టుకుని ముందు గదిలోనే కూర్చుని ఉంది.

“మబ్బుల్నుంచి కూసున్న నీ కోసం. పిలుస్తే కోపం జేస్తవని లేపలే” అంది.

బయటికి చూశాను. ఎక్కడా మబ్బు తునక లేదు. “మబ్బేదే?” అన్నాను. ఆ పిల్ల నా ముఖంలోకి చూసి, ఫోనులో నిన్నటి మబ్బు బొమ్మ చూసి, తల పట్టుకుంది. “అయ్యో అత్తమ్మా, మబ్బుల అంటే తెల్లారకముందు!” అంది. ఇద్దరం నవ్వబోయాం, నవ్వు రాలేదు.

ఎల్బీనగర్‌లో బస్సులు నిండే వచ్చాయి, నిండే పోయాయి. పొద్దు నడినెత్తికొచ్చింది. రోడ్డు పక్కన సంచీ మీద కూర్చుని ఊరి సంగతే తలుచుకున్నాను. మా పొలాలిప్పుడు రొయ్యల చెరువులు. మిగిలిన కాసిని చేలల్లో మిషను ఒక్క పూటలో కోసి గింజ పోసేస్తుంది, పనలన్న మాటే లేదు. ఇంట్లో ఉప్పు ప్యాకెట్లో వస్తుంది, ఎంత వాన ముందున్నా చెమర్చదు. చెమర్చితే చూసి చెప్పే వేలు అక్కదొక్కటే మిగిలింది.

అప్పుడే ఫోను మోగింది. అక్క కూతురు. “పిన్నీ, ఎక్కడున్నారు? పొద్దుట్నుంచీ బుల్లి వస్తోందని గుమ్మంలోనే కూర్చుంది. ఇప్పుడే మళ్ళీ…” అని మాట మింగేసి, ఫోను అక్క చెవికి పెట్టింది. చీకటితో బయల్దేరి ఉంటే ఆ పాటికి బాపట్ల చేరేవాళ్ళం.

“అక్కా, నేనే, బుల్లిని” అన్నాను.

“మా బుల్లి చిన్నపిల్లండీ, ఆడుకుంటోంది” అంది అక్క. “మీరెవరండీ? పనలింకా పొలంలోనే ఉన్నాయి. మీ వైపు మబ్బేమైనా పట్టిందా, కాస్త చూసి చెప్పండి.”

తలెత్తి మెట్రో స్తంభాల మీదుగా చూశాను.

“లేదమ్మా, ఎండగానే ఉంది” అని చెప్పాను.

స్వరూప నన్ను లేపి సంచీ తీసుకుంది. తర్వాత వచ్చిన బస్సెక్కాం. నిలబడే వెళ్ళాం.