నేను అడిగిన గోలీ

చిక్కడపల్లి హాకీ చరిత్రలో ఒకే ఒక్క ఘోర ప్రమాదం జరిగింది. దానికి కారకుణ్ణి నేను. చిక్కడపల్లికి హాకీ చరిత్ర కూడా ఉందా అని మీరు అడగబోతున్నారు. ఆ ప్రమాదమే ఆ చరిత్ర. దానికి ముందూ వెనకా ఏమీ లేదు.

అప్పట్లో నేను అశోక్ నగర్‌లో ఒక రూములో ఉంటూ గ్రూప్ టూ పరీక్షకు చదువుతున్నాను. పరీక్ష రాయాలంటే ముందు నోటిఫికేషన్ రావాలి. నోటిఫికేషన్ రాలేదు, తెలంగాణా రాలేదు. రెండింటిలో ఏది ముందొస్తుందన్నదే టీ కొట్టు దగ్గర మా చర్చ. నా రూములో ఒక మూల హాకీ కర్ర ఉండేది. డిగ్రీలో కాలేజీ టీముకి నేను ఆఖరి రిజర్వు ఆటగాణ్ణి. అంటే నీళ్ల బాటిళ్ల పక్కన నిలబడి, ఎవరి కాలైనా బెణికితే బాగుండునని మర్యాదగా కోరుకునేవాణ్ణి. మూడేళ్లలో ఎవరి కాలూ బెణకలేదు. మా టీమంతా దిట్టమైన ఆరోగ్యవంతులు. డిగ్రీ అయ్యాక ఆ కర్ర మీద బనియన్లు ఆరేసుకునేవాణ్ణి.

ఆ కర్రను చూసే యాదగిరి సేటు మోసపోయాడు. సేటుకి చిక్కడపల్లిలో టెంట్ హౌస్ ఉండేది. షామియానాలు, కుర్చీలు, వంటపాత్రలు, పరుపులు కిరాయికి ఇచ్చేవాడు. మా రూము కూడా ఆయనదే.

"తమ్మీ రఘూ, నువ్వు హాకీ ఆడినవా?" అని అడిగాడు ఒకరోజు.

"ఆడలేదంటే అబద్ధమైతది అన్నా" అన్నాను. ఆడానన్నా అబద్ధమే అయ్యేది.

"అయితే నా టీముకు నువ్వే స్కౌటువు."

"స్కౌటా?"

"అవ్. మంచి పిల్లలను దేవులాడి తెచ్చేటోడు. కానీ స్కౌటంటే మెడల రుమాలు కట్టుకుంటరు గద, నీ రుమాలేది?"

అది వేరే స్కౌటని నచ్చజెప్పేసరికి రెండు టీలు అయ్యాయి.

సంగతేమిటంటే, ఊరి బయట రెసిడెన్షియల్ స్కూలున్న ఒక కరస్పాండెంట్ గారికి, బస్తీ పిల్లలకు హాకీ నేర్పాలని బుద్ధి పుట్టింది. పద్నాలుగేళ్ల లోపు ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసి ఆడే లీగు పెట్టారు. ఈ చుట్టుపక్కల వ్యాపారులు తలా ఒక టీము తీసుకున్నారు. స్కౌట్లు తెచ్చిన పేర్లన్నీ ఒకచోట వేస్తారు. చీటీల్లో వచ్చిన వరుస ప్రకారం ఒక్కొక్క టీము ఒక్కొక్కరిని ఎంచుకోవాలి. దీన్నే డ్రాఫ్టు అంటారు. ఏ బ్యాంకు డ్రాఫ్టు తియ్యాలి తమ్మీ అని సేటు అడిగాడు. దానికి ఇంకో టీ అయింది.

నన్ను భయపెట్టిన నియమం వేరే ఉంది. ప్రతి టీము మొట్టమొదట ఎంచుకున్న పిల్లకో పిల్లవాడికో కరస్పాండెంట్ గారు తన స్కూల్లో పదో తరగతి దాకా ఉచితంగా సీటు ఇస్తారు, హాస్టలుతో సహా. కానీ మొదటి మ్యాచ్ తర్వాత, టీముకు నచ్చకపోతే ఆ పిల్లను మార్చుకోవచ్చు. మారిస్తే సీటు కూడా మారిపోతుంది.

డ్రాఫ్టుకు ముందు పిల్లలందరినీ ఆడించి చూద్దామనుకున్న రోజున బంద్ వచ్చింది. ఆ రోజుల్లో బంద్ రాని వారం ఉంటే మాకు అనుమానం వచ్చేది. బస్సుల్లేవు. లోయర్ ట్యాంక్ బండ్ దిగువన ఉన్న బస్తీకి నడుచుకుంటూ పోయాను. అక్కడంతా మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన మేస్త్రీలు, కూలీలు. బంద్ అయినా పెద్దవాళ్లు పక్కనే ఉన్న బిల్డింగు పనికి పోయారు. ఒక గుడిసె ముందు ఒక ముసలామె చేటలో బియ్యం ఏరుతోంది.

"అవ్వా, ఈడ హాకీ ఆడే పిల్లలున్నరా?"

"గదేంది?"

"కట్టె పట్టుకొని ఆడేది."

"కట్టె పట్టేది మా కోడలు ఒక్కతే బిడ్డా, పొయ్యి కాడ."

మా టీముకు నిజానికి కావలసింది గోల్ కాసేవాడు. హాకీ మైదానంలో వాణ్ణి అందరూ గోలీ అనే పిలుస్తారు. అందుకని సూటిగా విషయానికి వచ్చాను.

"అవ్వా, మాకు ఒక మంచి గోలీ కావాలె."

ముసలామె చేట కింద పెట్టేసింది.

"గోలీనా! ముందే చెప్పొద్దా మరి? మా మనుమరాలు బాలమణి లేదా? గోలీలల్ల దాన్ని మించినోళ్లు ఈ బస్తీల లేరు. మొగపోరగాళ్లను ఏడిపిచ్చి పంపుతది."

నేను ఆమె పక్కనే కూర్చున్నాను. "వచ్చినవి ఏమన్న ఇడ్శిపెడ్తదా అవ్వా?"

"ఇడ్శిపెడ్తదా! ఎన్నొచ్చినా అన్ని దాని చేతులకే."

"ఎంత దూరంకెళ్లి?"

"ఆ గోడ కాడికెళ్లి ఈ డ్రమ్ము దాక."

"కింద పడ్తదా?"

"పడుడేంది, మన్నుల బోర్ల పంటది. కండ్లు మొత్తం దాని మీదనే ఉంటయి. తిండి అక్కర్లేదు, నీళ్లక్కర్లేదు."

ఇంతలో బాలమణి వచ్చింది. రెండు జడలు, పన్నెండేళ్లుంటాయి. నేను మోకాళ్లు చూశాను. రెండింటి మీదా చర్మం లేదు. మోచేతులు చూశాను. మట్టి. నా వైపు చూసేటప్పుడు ఆ పిల్ల ఒక కన్ను కొద్దిగా మూసింది. ఎంత ఏకాగ్రత! ఒలింపిక్స్‌లో ఉండవలసిన పిల్ల ఇక్కడ డ్రమ్ము పక్కన ఉందే అని నాలో నేను బాధపడ్డాను. పాఠకులకు ఈపాటికి అంతా అర్థమైపోయింది. మీరు ఎంత తెలివైనవాళ్లో నాకిప్పుడు తెలుసు. అప్పుడు మీరు నా పక్కన లేరు.

స్కూలు సీటు సంగతి చెప్పి వచ్చేటప్పుడు ముసలామె నా చెయ్యి పట్టుకుంది. "సారూ, ఈడ బిల్డింగు పనైపోవొచ్చింది. మా కొడుకు కోడలు పూనాకు పోతరట. పోతే ఈ పొల్ల చదువు మళ్ల ఆగమాయె. నిజంగ ఇస్కూల్ల ఏస్తరా?"

"నాది పూచీ అవ్వా" అన్నాను. నా కర్ర మీద ఆరే బనియన్లకు కూడా నేను పూచీ ఉండలేని రోజులవి.

నారాయణగూడలో ఒక చిన్న ఫంక్షన్ హాల్లో డ్రాఫ్టు జరిగింది. మొదటి చీటీ మా సేటుకే వచ్చింది. అందరి కళ్లూ బర్కత్‌పుర నుంచి వచ్చిన ఒక పిల్లవాడి మీద ఉన్నాయి. వాడు బంతి కొడితే గాలి చీలేది. సేటు నా చెవిలో "బర్కత్‌పుర పోరడే కదా?" అన్నాడు.

"కాదన్నా. గోలీ."

"పక్కానా?"

"నూరు పైసలు పక్కా."

సేటు లేచి, పెళ్లిలో కట్నాలు చదివినట్టు "బాలమణి!" అని చదివాడు. పక్క టీము యజమానికి మెడికల్ షాపుంది. ఆయన నవ్వి "సేటూ, గోలీలు కావాలంటే నన్నడుగకపోతివి, షాపు నిండ మస్తున్నయి" అన్నాడు. ఆయనే బర్కత్‌పుర పిల్లవాణ్ణి తీసుకున్నాడు. మేము జాలిగా చూశాం.

మొదటి మ్యాచ్‌కి బాలమణిని తయారు చేశాం. గోలీ కట్టుకునే ప్యాడ్లు కొనడమెందుకని సేటు పాత పెళ్లి పరుపులు కోసి కాళ్లకు తాళ్లతో కట్టించాడు. ఆ పిల్ల గోల్ ముందు నిలబడితే, ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ సామాను అక్కడ దించి పోయినట్టుంది. విజిల్ మోగింది. బర్కత్‌పుర పిల్లవాడు బంతి కొట్టాడు. బంతి వచ్చింది. బాలమణి పక్కకు జరిగి దారి ఇచ్చింది. బంతి గోల్లోకి పోయింది.

బాలమణి చప్పట్లు కొట్టింది.

మళ్లీ వచ్చింది. మళ్లీ జరిగింది. మళ్లీ చప్పట్లు. ఈసారి కొట్టిన పిల్లవాడికి బొటనవేలు ఎత్తి కూడా చూపింది. సేటు నా వైపు తిరిగాడు. ఆ చూపును షామియానా కింద వేలాడదీస్తే బల్బు అక్కర్లేదు.

నేను గోల్ దగ్గరికి పరుగెత్తాను. "బాలమణీ, ఆపాలె! ఎందుకు పోనిస్తున్నవ్?"

"ఎందుకాపాలె సారూ?" అంది ఆ పిల్ల పరుపుల్లోంచి, నిజంగా తెలియక. "గుంతల పడితె గెలిశినట్టే గద. ఆ పోరడు మస్తు కొడ్తుండు. నా వంతెప్పుడు?"

"వంతా?"

"అవ్. గోలీలాటల వంతు రాదా?" ఆ పిల్ల లంగా జేబులోంచి చెయ్యి తీసి చూపింది. అరచేతిలో నాలుగైదు గాజు గోలీలు ఎండలో మెరిశాయి.

నా జీవితంలో ఎన్నో పరీక్షలు ఫెయిలయ్యాను గానీ, తెలుగులో ఫెయిలవడం అదే మొదటిసారి.

మ్యాచ్ ఎన్ని గోల్స్ తేడాతో ఓడామో చెప్పను. మెడికల్ షాపాయన సేటుకి తలనొప్పి గోలీల పట్టీ ఒకటి ఉచితంగా ఇచ్చి పోయాడు.

"రేపు పొద్దున పేరు మారుస్తున్న" అన్నాడు సేటు. "నువ్వే పోయి ఆ ముసలామెకు చెప్పు. నా తోని కాదు."

పోయాను. గుడిసె ముందు ముసలామె కొత్త రేకు పెట్టె పెట్టుకుని కూర్చుంది. పెట్టె మూత మీద ఎవరితోనో తెల్ల పెయింటుతో బాలమణి పేరు రాయించింది. పెయింటు ఇంకా ఆరలేదు, ముట్టుకోవద్దని నన్ను హెచ్చరించింది. "మ్యాచు గెలిశిన్రా సారూ?" అని అడిగింది.

"ఆట బాగ జరిగింది అవ్వా" అన్నాను.

"మా పొల్ల మంచిగ చేసిందా?"

"అందరు చప్పట్లు కొట్టిన్రు." అందరూ అనడం కొంచెం ఎక్కువ. చప్పట్లయితే నిజమే.

టీ ఇచ్చింది. తాగి, చెప్పాల్సింది చెప్పకుండా తిరిగి వచ్చాను. సేటు టెంట్ హౌస్‌లో కుర్చీలు లెక్కపెడుతున్నాడు.

"చెప్పినవా?"

"పెట్టె మీద పేరు రాయించిందన్నా."

సేటు లెక్క తప్పి కుర్చీలు మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాడు. చివరికి "ఇంకొక్క మ్యాచు" అన్నాడు. "గోల్ల మాత్రం నిలవెట్టకు. గప్పటిదాక నీ నోట్ల గోలీ మాట ఇనపడొద్దు."

రెండో మ్యాచ్‌లో బాలమణిని ఒక మూల నిలబెట్టాం. బంతి వైపు అసలు పోలేదు. అందరూ ఒకేసారి మీద పడి కొట్టే ఆట ఆమెకు నచ్చలేదు. వంతు లేదు, పద్ధతి లేదు. ఆఖర్లో మాకు పెనాల్టీ స్ట్రోక్ దొరికింది. అంటే బంతి ఒకచోట పెడతారు. కొట్టేవాళ్లు ఒక్కరు, ఆపేవాళ్లు ఒక్కరు. మిగతా అందరూ దూరం. అప్పటికే మేము చిత్తుగా ఓడిపోయి ఉన్నాం. ఎవరు కొట్టినా ఒకటే.

నేను గట్టిగా అరిచాను. "బాలమణీ! నీ వంతు!"

ఆ పిల్ల ముఖం వెలిగింది. పరుగెత్తుకొచ్చింది. కర్ర పక్కన పెట్టి నేల మీద బోర్లా పడుకుంది. ఒక కన్ను మూసి బంతి నుంచి గోల్ దాకా చూసింది. లేచి బంతి పక్కన జాన పెట్టి కొలిచింది. మళ్లీ పడుకుంది. అంపైరుగా ఉన్న కరస్పాండెంట్ గారు "ఏం చేస్తోందండీ ఆ అమ్మాయి?" అన్నారు.

"ప్రాణాయామం సార్" అన్నాను.

లేచి కర్ర తీసుకుంది. కొట్టలేదు, మెల్లగా తోసింది. బంతి తొందర లేకుండా పోయి, ఎదుటి గోల్‌కీపర్ కాలికీ గోల్ పోస్టుకీ మధ్య ఉన్న బెత్తెడు సందులోంచి లోపలికి పోయింది. ఆ సీజన్‌లో మా టీముకు అదే మొదటి గోలు. సేటు కుర్చీ మీద ఎక్కి ఎగిరాడు. కుర్చీ విరిగింది. ఆయనదే.

బాలమణి గోల్లోకి నడిచిపోయి, బంతి తీసుకుని, లంగా కుచ్చిళ్లలో దోపుకుని మైదానం బయటికి బయలుదేరింది.

"అమ్మాయీ! బంతి ఇవ్వు" అన్నారు కరస్పాండెంట్ గారు.

"ఎందుకియ్యాలె? కొట్టిన గద."

"కొడితే?"

"కొట్టిన గోలీ కొట్టినోళ్లదే."

"అలాంటి రూలు హాకీలో లేదమ్మా."

"మరి గిదేం ఆట సారూ?" అంది బాలమణి, ఆయన మీద నిజమైన జాలితో.

కరస్పాండెంట్ గారు గంభీరమైన మనిషి. మీసాల కింద ఏదో కదిలింది. దగ్గు అనుకున్నాం. తర్వాత విజిల్ నోట్లో ఉండగానే నవ్వారు. అది దానంతటదే పీ పీ అని మోగుతుంటే పిల్లలు మ్యాచ్ అయిపోయిందనుకుని వెళ్లిపోయారు. ఉన్న బంతి అదొక్కటే కాబట్టి నిజంగానే అయిపోయింది. పోయేముందు ఆయన సేటుతో "ఈ అమ్మాయిని మార్చకండి. నా స్కూల్లో ఇలాంటి ప్రశ్న అడిగే పిల్ల ఒక్కతి కూడా లేదు" అన్నారు.

"మార్చుడా? ఎవరన్నరు సార్?" అన్నాడు సేటు, నా కాలు తొక్కుతూ.

లీగులో మేమే ఆఖరు. తల్లిదండ్రులు పూనా రైలెక్కిన వారంలోనే బాలమణి హాస్టలుకు పోయింది. రేకు పెట్టె నేనే ఆటోలో పెట్టాను. నాయనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. ఆటో కదులుతుంటే ఆ పిల్ల నన్ను పిలిచి, నా అరచేతిలో ఒకటి పెట్టి పిడికిలి మూసింది.

"ఉంచుకో సారూ. గోలీ కావాలని నువ్వు ఎప్పుడో అడిగినవంట, అవ్వ చెప్పింది. గా దినం నుంచి ఒక్కరు గూడ నీకియ్యకపోతిరి."

లోపల ఆకుపచ్చ గీత ఉన్న గాజు గోలీ. ఆమె దగ్గరున్న వాటిలో అదే మంచిదట.

ఆ సాయంత్రం రూములో ఆ గోలీ మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను. ఇక ఈ జన్మలో ఎవరినీ దేనికీ ఎంపిక చెయ్యను. గోలీ అనే మాట ఎత్తను. తల పగిలిపోతున్నా మెడికల్ షాపుకు పోయి ట్యాబ్లెట్ అనే అడుగుతాను. ప్రమాణం ఇంకా పూర్తి కాలేదు, గోలీ చేతిలోంచి జారి మంచం కిందికి దొర్లింది.

నేను నేల మీద బోర్లా పడుకుని, ఒక కన్ను మూసి చూశాను. హాకీ కర్ర పెట్టి ఎంత తోసినా అందలేదు. మంచం కిందికి దూరి బయటికొచ్చేసరికి రెండు మోకాళ్ల మీదా చర్మం లేదు.