మార్చి నెలలో కిటికీలు

మేడమ్ పోయారని మా పాత క్లాసు వాట్సాప్ గ్రూపులో చూసినప్పుడు నేను నమ్మలేదు. ప్రేమ వల్ల కాదు, అనుమానం వల్ల. ఎవరో ఎవరికో పంపిన మెసేజ్ తిరిగి తిరిగి మా గ్రూపులోకి వచ్చింది. కింద అప్పుడే వరసగా దణ్ణం బొమ్మలు పడిపోతున్నాయి. ఒక్కరైనా ఫోన్ చేసి కనుక్కున్నారా అని ఒళ్ళు మండింది. రెండేళ్ళుగా నొక్కని నంబరు నొక్కాను. మేడమ్ చెల్లెలు ఎత్తారు.

"నిజమేనమ్మా. పొద్దున కాఫీ కలిపి తీసుకెళ్తే అక్క లేవలేదు. ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది," అన్నారావిడ.

ఫోన్ పెట్టేశాక కూడా కాసేపు నమ్మలేదు. ఆ రెండేళ్ళు ఎందుకు మాట్లాడలేదో మీకు చెప్పాలి. అది చెప్పాలంటే ముందు ఆవిడ ఎలాంటి మనిషో చెప్పాలి.

మేడమ్ ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో సివిల్ లెక్చరర్‌గా రిటైరయ్యారు. తర్వాత గుంటూరు బ్రాడీపేటలో ఒక కళ్ళద్దాల షాపు పైన గది తీసుకుని మాలాంటివాళ్ళకి గ్రీన్ బిల్డింగ్ రేటింగ్ చెప్పేవారు. ఒక భవనం కరెంటు ఎంత వాడుతుంది, నీళ్ళు ఎంత వాడుతుంది, లోపల గాలీ వెలుతురూ ఎలా ఉన్నాయి అని చూసి, పాయింట్లు వేసి సర్టిఫికెట్ ఇస్తారే, ఆ చదువు. పక్క గదిలో పళ్ళ డాక్టరు మిషన్ గుయ్యిమంటుంటే మేం పదకొండుమందిమి చెవులు రిక్కించి వినేవాళ్ళం. దర్శి నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న నేను మొదటి బెంచీ.

మొదటి రోజే రేటింగ్ పుస్తకం బల్ల మీద పెట్టి, "ఇందులో ఉన్నదంతా మంచిదే. ఇందులో గళ్ళు నింపేవాళ్ళ మీదే నాకు అనుమానం. అంటే మీ మీద," అన్నారు. మేం నవ్వాం. ఆవిడ నవ్వలేదు.

ఏం చెప్పినా ఒకటే ప్రశ్న. "నువ్వు చూశావా, ఎవరన్నా చెప్పారా?" ఆటోలో వెళ్తూ వాన పడేట్టుంది అన్నా సరే, తల బయటపెట్టి చూస్తేగానీ ఊరుకునేవారు కాదు. హ్యాండ్‌బ్యాగులో ఎప్పుడూ ఒక అగరొత్తుల కట్ట ఉండేది. ఆదివారం చర్చిలో బ్యాగు తెరుచుకుని కట్ట కింద పడితే పాస్టరు గారు తెల్లబోయారట. "గాలి కోసమండీ" అన్నారట ఈవిడ. ఆయనకి ఇంకా అర్థం కాలేదట!

ఆ గాలి సంగతి మాకు ఒక ఆఫీసు బిల్డింగులో చూపించారు. గేటు దగ్గర ఆకు బొమ్మతో మెరిసే బోర్డు ఉంది. మేనేజరు గారు ఫైలు విప్పి, గదిలోకి ఎంత గాలి వస్తుందో గొప్పగా చదివి వినిపించాడు. మేడమ్ అగరొత్తి వెలిగించి కిటికీ పక్కన పట్టుకున్నారు. పొగ నిటారుగా పైకి లేచి అక్కడే తచ్చాడింది. "గాలి వస్తోందని కాగితం అంటోంది. రావట్లేదని పొగ అంటోంది. ఇద్దరిలో అబద్ధం ఎవరిదో తేల్చుకుని రండి," అని మమ్మల్ని తరిమారు. వెళ్ళి చూస్తే కిటికీకి బయటివైపు ఫ్లెక్సీ కట్టేసి ఉంది. ఆ మేనేజరు మాకు టీ కూడా ఇవ్వలేదు.

పరీక్ష పాసయ్యాను. ఒక కన్సల్టెన్సీలో ఉద్యోగం వచ్చింది. నా చేతికొచ్చిన మొదటి ఫైలు, గుంటూరు అవతల ఒక పల్లెలో కొత్తగా కట్టిన బడి. ఆగస్టులో వెళ్ళి కిటికీలన్నీ కొలిచాను. చుట్టూ పచ్చటి పత్తి చేలు, చల్లటి గాలి. గది వైశాల్యానికి తెరుచుకునే కిటికీలు రూల్లో అడిగినదానికంటే ఎక్కువే ఉన్నాయి. మురిసిపోయి ఫైలు మేడమ్ దగ్గరికి పట్టుకెళ్ళాను.

"ఏ నెలలో కొలిచావమ్మాయ్?"

"ఆగస్టులో మేడమ్."

"ఆ రోడ్డు పక్కన కల్లాలుంటాయి కదా? మార్చిలో ఒకసారి వెళ్ళి కూర్చో. సంతకం అప్పుడు పెట్టు."

మిరపకాయల కల్లంలో పుట్టి పెరిగినదాన్ని నేను. ఎండిన కాయ తొడిమలు తీస్తుంటే ఘాటు ఎంత దూరం పోతుందో నాకు ఒకరు చెప్పాలా? అయినా నాకు తట్టలేదు. ఫైల్లో ఆ గడి లేదు మరి. ఇప్పుడు మార్చి దాకా ఆగితే ఫైలు ఇంకొకరికి పోతుంది. సంతకం పెట్టేశాను. మార్చి వచ్చింది, పోయింది. నేను వెళ్ళలేదు. మేడమ్ ఫోన్ చేసి అడిగితే, "వెళ్ళాను మేడమ్, బానే ఉంది," అన్నాను. "సరే" అన్నారు.

సర్టిఫికెట్ వచ్చింది. బడి గోడకి బోర్డు ఎక్కింది. మరుసటి ఏడు మిరప సీజనులో రేటింగ్ వాళ్ళ దగ్గర్నుంచి లెటరు వచ్చింది. ఈ బడి కిటికీలు నెలల తరబడి మూసే ఉంటున్నాయని ఫిర్యాదు అందింది, వివరణ ఇవ్వండి అని. ఎవరు రాశారో అందులో లేదు. ఆఫీసులో మా సారు నా వైపు అదోలా చూసి, "లోపలి సంగతి తెలిసినవాళ్ళే రాశారమ్మా," అన్నారు.

ఇంకెవరు? మార్చిలో చూడాలన్న సంగతి తెలిసింది ఒక్క మనిషికే. శిష్యురాలు పైకొస్తుంటే ఓర్వలేకపోయిందనుకున్నాను, ఛీ అనుకున్నాను. ఆఫీసువాళ్ళు దానికి ఏదో జవాబు రాసి పంపారు, బోర్డు గోడ మీదే ఉండిపోయింది. నన్ను మాత్రం వేరే పనిలో వేశారు. మేడమ్ రెండుసార్లు ఫోన్ చేశారు, ఎత్తలేదు. తర్వాత ఒక మెసేజ్ పెట్టారు. "ఒకసారి ఆ బడికి వెళ్ళిరా అమ్మాయ్." చూశావా, తనే ఒప్పుకుంటోంది అనుకున్నాను.

మేడమ్ అంత్యక్రియలకి వెళ్ళాను. సమాధుల తోటలో ప్రార్థన అయ్యాక, తెల్ల చీరలో ఒకావిడ నా దగ్గరికొచ్చారు. ఆ బడి హెడ్మిస్ట్రెస్.

"ఆ కిటికీలు కొలిచిన అమ్మాయివి నువ్వే కదూ? మేడమ్ మా బడికి వచ్చి ఒక రోజంతా పిల్లల మధ్య కూర్చున్నారమ్మా. అందరికీ ఒకటే దగ్గు."

"ఫిర్యాదు రాయడానికేనా అండీ?" నోట్లోంచి వచ్చేసింది. శవపేటిక పక్కనే నిలబడి నేనడిగిన మాట అది.

"ఫిర్యాదు రాసింది నేను. పిల్లల తల్లిదండ్రులు సంతకాలు పెట్టారు. మేడమ్‌ని కూడా పెట్టమన్నాం. ససేమిరా అన్నారు. 'అది వెళ్ళానని నాతో అబద్ధం చెప్పింది. నాకు తెలుసు. కానీ వస్తుంది, వచ్చి చూసి తనే రాస్తుంది. అప్పుడు పెడతా నా సంతకం' అన్నారు. పోయినవారం కూడా ఫోన్ చేశారమ్మా, వచ్చిందా అని."

లోకంలో అందరినీ అనుమానించిన మనిషి నా ఒక్కదాన్ని నమ్మి కూర్చుంది. నేను ఆవిడ ఒక్కర్నే అనుమానించాను. అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చాను. పేటిక మీద పిడికెడు మట్టి వేశాను.

ఇంటికొచ్చి రేటింగ్ వాళ్ళకి లెటరు రాశాను, నా లెక్క తప్పని, మార్చిలో బడికి వెళ్ళకుండానే సంతకం పెట్టానని. పొద్దున్నే దాన్ని బ్యాగులో పెట్టుకుని బడికి బయల్దేరాను. దారిలో మళ్ళీ చదువుకుంటే, గదిలో పిల్లలు ఎలా ఇబ్బంది పడుతున్నారో కూడా అందులో పెద్ద పేరా ఉంది. నేను చూశానా? ఎవరో చెప్పారు. ఆ పేరా చూడగానే సిగ్గేసి, లెటరంతా ఆటోలోనే చింపేశాను. చూశాకే రాయాలి.

మార్చి నెల. ఏడో తరగతి గదిలో గోడ పక్కన కూర్చున్నాను. గాలి ఇంకా అటువైపే ఉందేమో, కిటికీలు బార్లా తెరిచి ఉన్నాయి. రోడ్డవతల కల్లాల్లో పట్టాల మీద ఎర్రగా మిరపకాయలు పరిచి ఉన్నాయి, ఆడవాళ్ళు ముక్కులకి గుడ్డలు కట్టుకుని తొడిమలు తీస్తున్నారు. మూడో పీరియడులో గాలి ఇటు తిరిగింది. ముందు బెంచీలో ఒకమ్మాయి దగ్గింది. అంతే, ఎవరూ చెప్పకుండానే కిటికీల పక్కనున్న పిల్లలు లేచి, రెక్కలన్నీ లాగి గొళ్ళేలు పెట్టి కూర్చున్నారు. గది చీకటైంది. టీచరు బోర్డు వైపే తిరిగి, చెప్తున్న లెక్క ఆపకుండా, ఎడమ చేత్తో లైటు వేసింది.