దిగుడులో ఎడ్లను విప్పకూడదు

నా చిన్నప్పుడు మా ఊరి బడి ఐదో తరగతితో అయిపోయేది. ఆపైన చదవాలంటే స్టేషన్ ఘన్‌పూర్ పోవాల్సిందే. మాది రఘునాథపల్లి వైపు, రోడ్డుకు బాగా లోపలగా ఉన్న పల్లె. బస్సు రాదు. మగపిల్లలు సైకిళ్లు తొక్కుకుంటూ పోయేవారు. ఆడపిల్లలు ఐదో తరగతి కాగానే ఒడి కట్టుకుని పత్తి ఏరడానికి పోయేవారు. నన్ను మాత్రం చదివించి తీరాలని మా చిన్నబాపు పట్టుబట్టాడు. చిన్నబాపు అంటే మా బాపుకు తమ్ముడు. నాకు ఊహ తెలియకముందే మా బాపు పోయాడు కాబట్టి నా మంచీ చెడూ అన్నీ ఆయనే చూసుకునేవాడు. నన్ను బడికి దింపడం కోసమే ఆ ఏడు పంట ఇంటికి రాగానే ఒక పాత మోటారు సైకిలు కొన్నాడు. మా నాయనమ్మ దానికి పసుపు కుంకుమలు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, దిష్టి తీసి మరీ ఇంట్లోకి రానిచ్చింది.

దిష్టి తీస్తే సరిపోదు కదా, తోలడం కూడా రావాలి. చిన్నబాపు బుద్ధెరిగినప్పటి నుంచి ఎడ్లబండి తోలినవాడు. మోటారు సైకిలును కూడా చదునుగా ఉన్న చోట దర్జాగానే నడిపేవాడు. వేగం తగ్గించాల్సి వచ్చినప్పుడే చిక్కు. భయం వేయగానే ఆయన చేతులు మోటారు సైకిలును మరిచిపోయి ఎడ్లను తలుచుకునేవి. రెండు పిడికిళ్లూ బిగించి, పగ్గాలు గుంజినట్టు గుంజి, "హో... హో..." అనేవాడు. ఎడమ చేతి కింద ఉండేది క్లచ్చు. దాన్ని గుంజి పట్టుకుంటే ఇంజనుకూ చక్రానికీ పొత్తు తెగిపోయి బండి ఇష్టం వచ్చినట్టు జారుతుంది. కుడి చేతి కింద ఉండేది ముందు బ్రేకు. గులకరాళ్ల మొరం దారిలో దాన్ని ఒక్కసారిగా గుంజితే చక్రం పక్కకు తన్నేస్తుంది. ఇవన్నీ నాకు తర్వాత తెలిసిన సంగతులు. అప్పట్లో నాకు తెలిసిందల్లా, చిన్నబాపు "హో" అన్నాడంటే కళ్లు గట్టిగా మూసుకోవాలని.

మా ఊరికీ ఘన్‌పూర్‌కూ నడుమ ఒక వాగు ఉంది. మొరం దారి ఏటవాలుగా దిగి, అడుగున ఎడమకు మళ్లి, ఇరుకు కల్వర్టు ఎక్కుతుంది. బడి మొదలైన వారంలోనే ఆ దిగుడులో పడ్డాం. చిన్నబాపు మోకాలు వాచింది, నా మోచెయ్యి చెక్కుకుపోయింది, నా కొత్త పుస్తకాలు వాగులో తేలాయి. ఇంటికి వచ్చాక నాయనమ్మ నా చేతికి పసుపు అద్దుతూ ఏడుస్తూనే తీర్పు చెప్పేసింది.

"ఒక కొడుకును మట్టిల పెట్టిన. ఆని బిడ్డను గూడ పోగొట్టుకోమంటవా? సదువు లేకుంటే మానె. పిల్ల ఆ బండి ఎక్కేది లేదు."

నాయనమ్మ పట్టిన కుందేటికి మూడే కాళ్లు. చిన్నబాపు ఎంతో బతిమాలగా చివరకు ఒక్క మెట్టు దిగింది. వాగు దిగుడులో బండి బుద్ధిగా దిగడం తన కళ్లతో చూస్తేనే నన్ను ఎక్కనిస్తానంది. లేదంటే పత్తి చేనే. ఆ రాత్రి నాకు మోచేతి మంట కంటే పత్తి చేను తలపే ఎక్కువ మండింది.

ఆ ఆదివారం మా మేనత్తా మామయ్యా వచ్చారు. మామయ్యకు వరంగల్‌లో విత్తనాల దుకాణం. మోటారు సైకిలు మీద ఆయన తిరగని బజారు లేదు. సంగతి విని, చిన్నబాపును వెంటబెట్టుకుని ఊరి బయటకు పోయి చాలాసేపు నేర్పాడు. నేనూ వెంటే పోయి చూశాను. వేగం తగ్గాలంటే గేరు తగ్గించాలన్నాడు. క్లచ్చన్నాడు, థర్డన్నాడు, సెకండన్నాడు. చిన్నబాపు బుద్ధిమంతుడిలా అన్నింటికీ తల ఊపాడు. బండి ఎక్కగానే పై గేరులోంచి ఒకేసారి రెండు గేర్లు కిందికి తొక్కి క్లచ్చు టక్కున వదిలాడు. వెనక చక్రం కీచుమని అడ్డం తిరిగింది. పడలేదు గానీ, దిగి బండిని చెట్టుకు ఆనించి, "ఇది నాతోని కాదు బావా, అమ్ముకుందాం" అన్నాడు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. వాళ్లు చూడకుండా కొంగలను చూస్తున్నట్టు వాగు వైపు తిరిగి నిలబడ్డాను.

మామయ్య ఇంటికి వచ్చి అన్నం తిన్నాడు, కాసేపు నడుం వాల్చాడు. లేచాక, వాగవతలి మెట్ట చెలకకు ఎరువు తోలేది ఉందని చిన్నబాపు ఎడ్లబండి కడుతుంటే, "నేనూ వస్తా" అని ఎక్కి కూర్చున్నాడు. నన్ను కూడా ఎక్కించుకున్నాడు. ఎరువు కంపు కొడుతున్నా ఇస్త్రీ ప్యాంటుతో అలాగే కూర్చున్నాడు పాపం. దిగుడు మొదట్లోకి రాగానే బండి ఆపించాడు.

"బామ్మర్దీ, జర ఎడ్లను ఇప్పరాదు."

"ఎందుకు బావా?"

"దిగుడే కద. బండి దానంతటదే పోతది. ఎడ్లకెందుకు తిప్పలు?"

చిన్నబాపు పగలబడి నవ్వాడు. "వరంగల్ పోయి నీకు మతి పోయినట్టున్నది. ఎక్కుడుల ఎడ్లు బండిని గుంజుతయ్, దిగుడుల ఎడ్లే బండిని ఆపుతయ్. ఈడ ఇప్పితే బండి వాగుల పడుతది, మనం గూడ."

"మరి మోటర్ సైకిల్ల ఎందుకు ఇప్పుతానవ్?" అన్నాడు మామయ్య, చాలా మెల్లగా.

చిన్నబాపు నవ్వు ఆగిపోయింది. పగ్గం పట్టుకున్న తన ఎడమ చేతి వంక అలా చూస్తూ ఉండిపోయాడు. నాకు అర్థం కాలేదు. మామయ్య నా తల నిమిరి ఇద్దరికీ చెప్పాడు. ఇంజనే ఎద్దు అట. క్లచ్చు గుంజడమంటే కాడి మీంచి ఎద్దును విప్పేయడమే అట. గేరు మార్చే ఒక్క క్షణం కాడి ఎత్తాలి, మళ్లీ వెంటనే ఎద్దు మెడ మీద పెట్టేయాలి. "కాడిని ఒక్కపారి దబ్బున ఏస్తే ఎద్దు బెదురుతది. మెడ మీద మెల్లగ ఆనియ్యాలె. క్లచ్చు గూడ గంతే." అందుకే ఒక్కో గేరే తగ్గించాలి, ఇంజను గొంతు కుదురుకున్నాకే తర్వాతి గేరు తగ్గించాలి. అదంతా దిగుడులోకి వచ్చాక కాదు, పైన చదునులో ఉన్నప్పుడే మొదలుపెట్టాలి. బ్రేకులు రెండూ కలిపి సుతారంగా నొక్కాలి, అదీ బండి తిన్నగా పోతున్నప్పుడే. మలుపు వచ్చేసరికి ఆ పని అయిపోయి ఉండాలి.

తర్వాత మా ఎడ్లబండి దిగింది. అప్పటిదాకా ఎన్నిసార్లు ఆ దారిన పోయానో, ఎడ్లను చూసిందే లేదు. కాళ్లు నిగడదన్ని, మెడలు వెనక్కి పెట్టి, అంత బరువును ఒక్కో అడుగే ఆపుకుంటూ దించాయి. చూస్తుంటే వాటి కాళ్లు మొక్కాలనిపించింది.

చిన్నబాపు ఆ వారమంతా ఒక్కడే పొద్దున్నే పోయి ఆ దిగుడులో దిగుతూ ఎక్కుతూ ఉన్నాడు. చివరికొక పొద్దున నాయనమ్మ చీర కుచ్చెళ్లు ఎగ్గట్టి, నన్ను వెంటబెట్టుకుని కల్వర్టు దగ్గరికి పోయి నిలబడింది. ఆయన మొదట ఒక్కడే దిగి చూపించాడు. నాయనమ్మ "ఇంకోపారి" అంది. ఇంకోసారి దిగాడు. అప్పుడు నా వంక తల ఊపింది.

దిగుడు పైకి పోయి, బండి వెనక కూర్చుని ఆయన చొక్కాను రెండు చేతులా పిడికిళ్లతో పట్టుకున్నాను. దిగుడు ఇంకా రాకముందే ఆయన వేగం తగ్గించాడు. "కాడి ఎత్తు... ఆనియ్యి" అని తనలో తాను అనుకుంటున్నాడు. క్లచ్చు మెల్లగా వదిలినప్పుడల్లా ఇంజను గుర్రుమని గొంతు పెంచేది, బండి వెనక నుంచి ఎవరో ఆపి పట్టుకున్నట్టు నెమ్మదించేది. దిగుడులోకి వచ్చాం. "హో" అనే మాట వస్తుందని కళ్లు మూసుకుని ఎదురుచూశాను. రాలేదు. కళ్లు తెరిచి చూస్తే ఆయన ఎడమ చేతి వేళ్లు క్లచ్చు మీద లేవు, వదులుగా పిడిని పట్టుకుని ఉన్నాయి. ఇన్నాళ్లూ గట్టిగా పట్టుకున్నందుకే జారిపోయామని, ఇప్పుడు వదిలినందుకే బండి నిలబడుతోందని అప్పుడు తెలిసింది. అది చూసి నేను కూడా చొక్కా మీద పట్టు వదులు చేశాను. మలుపు తిరిగి, ఎడ్లబండి అంత నిదానంగా కల్వర్టు ఎక్కి ఆగాం. బతుకు జీవుడా అనుకున్నాను. నాయనమ్మ గభాలున వచ్చి నన్ను కాదు, చిన్నబాపును పట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూనే, "బడికి ఆలస్యమైతాంది, పోండ్రి" అని కసిరింది.

ఆ దారినే పోయి వస్తూ పదో తరగతి దాకా చదివాను. మళ్లీ ఎప్పుడూ పడలేదు. ఆ చదువుతోనే తర్వాత హన్మకొండలో పంతులమ్మనయ్యాను. చిన్నబాపూ, మామయ్యా ఇద్దరూ ఇప్పుడు లేరు.

నాకు బండి తోలడం ఈనాటికీ రాదు. అయినా మేడారం పోయే బస్సులో దిగుడు వచ్చినప్పుడు డ్రైవరు గేరు తగ్గిస్తే, ఆ ఇంజను గుర్రుమనడం వినగానే నా ప్రాణం హాయిగా ఉంటుంది. పక్కవాళ్లు ఆ మోతకు విసుక్కుంటారు. మా ఆయనకు గుండె ఆపరేషన్ జరిగిన రోజు బయట బెంచీ మీద కూర్చుని ఉన్నప్పుడు చూసుకుంటే, చీర కొంగు నా ఎడమ పిడికిట్లో నలిగి ముద్దయిపోయి ఉంది. వేళ్లు ఒక్కోటే విప్పుకున్నాను. ఊపిరి కుదురుకుంది, డాక్టరు చెప్పేది చెవికెక్కింది. మా ఆయన బాగైపోయాడు, అది నా పిడికిలి చలవ కాదని తెలుసు. కానీ ఇప్పటికీ భయం వేసినప్పుడల్లా దేవుణ్ణి తలుచుకోవడానికంటే ముందు నా ఎడమ చేతి వంక చూసుకుంటాను. అది బిగిసి ఉంటే మెల్లగా వదులుతాను.