పరిశ్రమల సారుకు ఒక రాయి

పరిశ్రమల సారు పోయారని నంద్యాల నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను ఒక హోటల్ వాళ్ళడిగిన ఏనుగుకు చెవులు చెక్కుతున్నాను. ఫోన్ పక్కన పెట్టి మళ్ళీ ఉలి పట్టుకున్నాను. బాధ కన్నా ముందు అయోమయం కలిగింది. ఈయన మాకు మేలు చేసినట్టా, కాదా? అది తేలకుండానే మనిషి వెళ్ళిపోయారు.

మాది ఆళ్ళగడ్డ. మా ఇంట్లో అందరూ దేవుడి విగ్రహాలు చెక్కినవాళ్ళే. సారు పరిశ్రమల శాఖలో పనిచేసేవారు. చిన్న పనివాళ్ళకు షెడ్లు, కరెంటు, బ్యాంకు అప్పు, ఎగ్జిబిషన్లలో స్టాళ్ళు ఇప్పించడం ఆయన ఉద్యోగం. సొంతూరు రుద్రవరం వైపు, సేద్యం చేసుకుంటూ చర్చికి పోయే కుటుంబం. మీదీ ఒక పరిశ్రమే అని మాతో మొదట అన్నది ఆయనే. ఆ మాటకు మా నాయనకు చిర్రెత్తుకొచ్చింది. పరిశ్రమంటే నాయన లెక్కలో సిమెంటు ఫ్యాక్టరీ.

మొదటిసారి వచ్చిన రోజు సారు కుర్చీ వద్దని ఎదురుగా ఉన్న నల్లరాయి మీద కూర్చున్నారు. అది అమ్మవారి కోసం తెచ్చిన రాయి. నాయన వేసిన కేకకు ఆయన తుళ్ళిపడి లేచారు. ఆ తర్వాత ఎప్పుడొచ్చినా కూర్చునే ముందు "ఇది దేవుడా, ఉత్త రాయా?" అని అడిగేవారు. మేం నవ్వితే ఆయనా నవ్వేవారు గానీ, అడగడం మాత్రం మానలేదు.

ఆయన పట్టుబట్టి మమ్మల్ని విజయవాడ ఎగ్జిబిషన్‌కు తీసుకెళ్ళారు. అక్కడే చిక్కొచ్చింది. మేం విగ్రహాలకు కండ్లు ముందే చెక్కం. ప్రతిష్ఠ చేసే చోటికి పోయి, మంచి ఘడియ చూసి తెరుస్తాం. స్టాలు ముందు ఆగినవాళ్ళంతా "అయ్యో, సగంలో వదిలేశారే" అన్నారు. చర్చికి పోయే ఆ మనిషి వచ్చినవాళ్ళందరికీ మా ఆచారం ఓపిగ్గా వివరించారు. వాళ్ళు తలలూపి పక్క స్టాలుకు పోయారు. తెచ్చిన విగ్రహాలన్నీ మళ్ళీ లారీ ఎక్కాయి.

తిరిగొచ్చే దారిలో సారు నాతో అన్నారు: "దేవుండ్లను కొన్నాళ్ళు పక్కన పెట్టప్పా. ఏనుగులు చెయ్యి, నాట్యమాడే ఆడబిడ్డను చెయ్యి. వాటికి ఈడనే కండ్లు పెట్టొచ్చు గదా."

అలా మొదలైంది. ఆయన తిరిగి తిరిగి షెడ్డు మంజూరు చేయించారు. రాయి కోసే మిషను వచ్చింది, కుర్రవాళ్ళకు శిక్షణ పెట్టించారు. హోటళ్ళు, ఫామ్‌హౌసుల వాళ్ళు ఆర్డర్లిచ్చారు. బుద్ధుణ్ణి అడిగినప్పుడు మాత్రం నేను ఇరకాటంలో పడ్డాను. ఆయన దేవుడా, కాదా? కండ్లు పెట్టొచ్చా, కూడదా? సారునడిగితే నాయన్నడగమన్నారు. నాయన్నడిగితే సారునడగమన్నాడు.

నాయన ఆ షెడ్డులో అడుగు పెట్టలేదు. తోటల్లో పెట్టుకునే ఆ బొమ్మల మీద ఉలి కూడా పెట్టలేదు. సారు ఇంటికొస్తే వీపు తిప్పి తన పని తాను చేసుకునేవాడు. సారు ఆ వీపుకే నమస్కారం పెట్టేవారు. ఒకసారి ఉండబట్టలేక అడిగాను, దేవుడి పని వదిలేస్తే విద్య పోతుందని మా నాయన అనేదాంట్లో తప్పేమైనా ఉందా సార్ అని.

"తెలీదప్పా" అన్నారు. "మీ పొయ్యి ఆరకుండా చూసేది నా పని. దాంతో మీ విద్య ఏమైతాదో నాకూ తెలీదు."

ఆఫీసరు నోట తెలీదనే మాట నేను విన్నది అదొక్కసారే. ఆ మాటకు ఆయన మీద నాకు ప్రేమ పుట్టింది. చిక్కు మాత్రం విడలేదు.

సమాధి దగ్గర అంతా అయ్యాక సారు భార్య నన్ను పక్కకు పిలిచారు. "సమాధి రాయి నువ్వే చెయ్యాలప్పా. బొమ్మ గిమ్మ వద్దు, మాలో పెట్టరు. పేరు చెక్కు. కింద ఒక మాట నువ్వే రాయి. ఆయన మీకేం చేసినాడో నీకే తెల్సు."

నాకే తెలియదని ఆమెకెలా చెప్పను? ఇన్నేళ్ళూ సారు అనే పిలిచాం. పేరు ఎలా రాస్తారో ఆమెనే అడిగి రాసుకున్నాను. తోటి శిల్పులు తలా ఒక మాట చెప్పారు. శిల్పులకు మేలు చేసినవాడు అని చెక్కితే ఇంట్లో నాయన ముఖం చూడలేను. చెక్కకపోతే, నేను తినే అన్నం ఎవరి పుణ్యం? కాగితమైతే కొట్టేసి రాయొచ్చు, రాతి మీద కుదరదు కదా.

ఈ రోజు పొద్దున షెడ్డుకు పోయేసరికి నాయన అక్కడున్నాడు. నున్నగా తీసి పెట్టిన పలకకు పసుపు రాసి, కుంకుమ బొట్టు పెడుతున్నాడు, గుడి పని మొదలుపెట్టే రోజు చేసినట్టే.

"నాయనా, అది సారుది. వాళ్ళు బొట్టు పెట్టరు."

"తెల్సులే. రాయికి పెట్టినా, ఆయనకు గాదు" అన్నాడు నాయన.

కడగాలా, ఉంచాలా? నిలబడి ఆలోచిస్తుంటే నాయన సుద్ద రాసిన దారం ఒక కొస నా చేతికిచ్చాడు. రెండో కొస తను పట్టుకుని, అక్షరాలు వంకర పోకుండా పలక మీద గీత కొట్టాడు. మొదటి అక్షరం మీద ఉలి ఆనించి సుత్తితో కొట్టాను. రాతిపొడితో పాటు కుంకుమ కూడా లేచింది.

పేరు పూర్తయ్యేదాకా నాయన కదల్లేదు. కింది వరుసలో ఏం చెక్కాలో నాకింకా తెలియదు. నాయన మాత్రం రెండో గీతకు కూడా దారం సాగదీసి పట్టుకుని, నా ముఖం వైపు చూస్తూ కూర్చున్నాడు.