బస్తా అడుగు గింజ

నెల్లికుదురు దుకాణాల్లో సుదర్శన్ చెయ్యి తెలియనివాళ్లు లేరు. బస్తా మూతి విప్పగానే చేతిని మోచేతి దాకా దూర్చి, అడుగునుంచి పిడికెడు పల్లీలు తీసి కొరికి చూస్తేగాని బేరం మాట్లాడేవాడు కాదు. పైనున్న గింజలు మోసానికే పెడతారని అతని నమ్మకం. ఇప్పుడా చెయ్యి ఎండుకట్టెలా సన్నబడింది, చాయ్ గ్లాసు కూడా పట్టదు. తమ్ముడు ఈ జబ్బుతోనే పోయాడు. సుదర్శన్‌కు మాత్రం వైద్యులందరూ నయమైతదన్నారు. అతను ఒక్కరినీ నమ్మలేదు.

ఆ తమ్ముడి కూతురు సింధు హైదరాబాద్‌లో ఈ జబ్బు మీదే పరిశోధన చేస్తోంది. పెదనాన్న రక్తం తీసుకోవడానికి వచ్చింది. అతను సూదిని దొంగను చూసినట్టు చూశాడు.

"నా నెత్తురుతోని ఏం జేస్తవ్ బిడ్డా?"

"కణంల ఏ పని జేయాల్నో చెప్పే చిట్టీలుంటయ్ పెద్దబాపు, ఆర్‌ఎన్‌ఏ అంటరు. వాటిని పట్టుకొని సక్కగ నడిపే ప్రోటీన్ ఒకటుంటది. మన ఇంటోళ్లకు అది జాగ ఇడిసి, వేరేకాడ గడ్డ కడ్తున్నది. గందుకే నరాలు సస్తున్నయ్. గడ్డ కట్టకుండ ఆపే మందు కోసం ఎతుకుతున్నం."

"దొరికితే నా చెయ్యి లేస్తదా?"

సింధు తల వంచుకుంది. "లేవదు. మందొచ్చేసరికి నువ్వుండకపోవచ్చు. ఈ జబ్బు నాకొస్తే, అప్పటికి అందుతదేమో."

ఇన్నాళ్లకు అతనికి ఒకరు అడుగు గింజ తీసి చూపించారు. ఎండిన చేతిని మంచి చేత్తో ఎత్తి ఆమె ఒళ్లో పెట్టాడు.

"సీసా మీద పేరు నా ముంగటనే రాయి," అన్నాడు. "అక్కడ ఇంకెవలదన్న కలుపుతరు."