రెండు కూతల మలుపు

రాజమల్లు మాట నిదానం, నడక నిదానం, తిండి మరీ నిదానం. కానీ రైలు సంగతి ఎత్తారా, ఇక ఆ మనిషిని ఆపడం ఎవరి తరమూ కాదు. బోధన్ చుట్టుపక్కల తోటల నుంచి చక్కెర ఫ్యాక్టరీకి చెరుకు మోసే చిన్న రైలు మీద ఇరవై నాలుగేళ్లు డ్రైవరుగా చేశాడు. చిన్న పట్టాలు, బొగ్గింజను, వెనక డబ్బాల నిండా చెరుకు. తర్వాత లారీలొచ్చాయి, ట్రాక్టర్లొచ్చాయి, రైలు మూలన పడింది. మిగిలిన సర్వీసంతా ఆయన్ని గేటు దగ్గర స్టూలు మీద కూర్చోబెట్టారు. ఇంజను నడిపిన మనిషికి స్టూలు ఏం ఆనుతుంది చెప్పండి! రిటైరై నిజామాబాదులో, కంఠేశ్వర్ గల్లీలోని ఇంటికి చేరాక పనేమీ తోచక, బీడీలు చుట్టే భార్య ప్రమీలమ్మకు ఆకు ఎలా కత్తిరించాలో చెప్పడం మొదలుపెట్టాడు. ఆవిడ పదేళ్ల వయసు నుంచి బీడీలు చుడుతోంది. ఆవిడకు ఈయన నేర్పుతాడట.

అలాంటి రోజుల్లో, తొంభై అయిదో సంవత్సరం డిసెంబరులో, బోధన్ రోడ్డు మీది పార్కులో పిల్లల కోసం కొత్త భాగం తెరిచారు. పార్కు ఆత్మారాం పటేల్‌ది. చెరుకు పండించే పెద్ద రైతు. తోటలో కొంత భూమి తీసి, అంతకుముందే పూలమొక్కలు, కుర్చీలు, పడవలు తిరిగే చిన్న చెరువు పెట్టించాడు. ఇప్పుడు దానికి పక్కనే జారుడుబండ, ఉయ్యాలలు, సిమెంటు ఏనుగు, గిరగిరా తిరిగే కొయ్య గుర్రాలు, వీటన్నిటి చుట్టూ తిరిగి వచ్చే ఒక బొమ్మ రైలు. రైలు నడపడానికి పట్టాల మీద నడిపిన మనిషే కావాలని మేనేజరు జయరాజ్ వెతుక్కుంటూ వచ్చాడు. ఈ జయరాజ్ మెతడిస్టు చర్చిలో ఆర్మోనియం వాయించే కుర్రాడు, ఏ పనైనా పద్ధతి ప్రకారం జరగాలనే రకం. అతను చెప్పడం పూర్తి కాకముందే రాజమల్లు చొక్కా వేసుకుని వాకిట్లో నిలబడ్డాడు.

రైలంటే ఏముంది, నీళ్ల మోటారుకు వాడే డీజిలు ఇంజనుకు రేకు తొడిగి ఎర్ర రంగు కొట్టారు. వెనక నాలుగు డబ్బాలు, ఒక్కో డబ్బాలో ఎనిమిది మంది పిల్లలు పడతారు. కూతకు బదులు ఆటోకు ఉండే రబ్బరు హారన్. అయినా సరే, సీటు మీద కూర్చుని మొదటిసారి పట్టాల చప్పుడు విన్నప్పుడు రాజమల్లుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంటికెళ్లి ఆ మాట భార్యతో చెప్పేశాడు కూడా. ఆవిడ నవ్వాపుకోలేక బీడీల చాట పక్కన పెట్టింది.

పిల్లల భాగం తెరిచిన వారం రోజుల్లోనే జనం విరగబడ్డారు. జయరాజ్ టికెట్ల కిటికీ దగ్గర ఒక అభిప్రాయాల పుస్తకం పెట్టాడు. రాయడం రానివాళ్లు నోటితో చెబితే తనే రాసుకునేవాడు. కంఠేశ్వర్ నుంచి వచ్చిన ఒక పంతులుగారు శుభ్రత బాగుందని మెచ్చుకుని, ఏనుగుకు ఒక దంతం పొట్టిగా ఉందని తప్పు పట్టారు. ధర్మాబాద్ నుంచి వచ్చిన మరాఠీ కుటుంబం కొయ్య గుర్రాల పక్కనే జొన్నరొట్టెలు విప్పుకుని తిని, దేనికీ వంక పెట్టకుండా పేజీకి అడ్డంగా సంతకాలు చేసి వెళ్లింది. కందకుర్తి ముసలమ్మ ఒకామె మనవల కంటే ముందు తనే జారుడుబండ ఎక్కి సర్రున జారి, కింద కూర్చుని కాసేపు లేవనే లేదు. ఏమైందోనని అందరూ పరుగెత్తారు. ఏమీ కాలేదు, ఇంకోసారి ఎక్కాలంటే మెట్లు ఎక్కువున్నాయని ఆలోచిస్తోందట. ఆమె అభిప్రాయం కూడా పుస్తకంలోకి ఎక్కింది: మెట్లు తగ్గించాలె.

అన్నిటినీ మెచ్చుకున్నారు గానీ, రైలు దగ్గరికొచ్చేసరికి కథ అడ్డం తిరిగింది. పట్నం పిల్లలు బాగానే ఎక్కేవాళ్లు. బోధన్ వైపు పల్లెల నుంచి వచ్చిన పిల్లలు మాత్రం ఎక్కడమే లేదు. రైలు వెనక ఉరుకుతున్నారు. అదీ అంతటా కాదు, పార్కు చివర మలుపు దగ్గర. అక్కడికి రాగానే ఎక్కడెక్కడి వాళ్లూ మీదపడి, చివరి డబ్బా పట్టుకుని లోపలికి తొంగిచూసి, ఏమీ లేదని మొహాలు వేలాడేసుకుని వెనక్కి పోతున్నారు. వాళ్లను చూసి పట్నం పిల్లలు కూడా దిగి ఉరకడం నేర్చుకున్నారు. రెండో వారానికి డబ్బాలు ఖాళీ, వెనక ఊరేగింపు.

బుధవారం నాడు జయరాజ్ రాజమల్లును పక్కకు పిలిచాడు. కోప్పడలేదు, అందుకే రాజమల్లుకు ఇంకా భయమేసింది. “రాజమల్లన్నా, ఆదివారం పటేల్ సారు వస్తుండు. ఎవడన్న కింద వడితె ఎవరు జవాబు చెప్పాలె? రైలు ఖాళీగ తిరుగుతుంటె పట్టాలు పీకేసి వేరేదేమన్న పెడదామంటుండు సారు. నేనేం జెయ్యలేను,” అన్నాడు.

ఆ రాత్రి రాజమల్లు కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతూ ఉండిపోయాడు. మళ్లీ స్టూలేనా? ఈసారి స్టూలు కూడా లేదు, ఇంటి అరుగే. ఆ పిల్లల్ని తిట్టబుద్ధి కాదు, రైలును వదలబుద్ధి కాదు. ప్రమీలమ్మ, ఎందుకు ఉరుకుతున్నారో ఉరికేవాళ్లనే అడగకుండా అన్నాన్ని అడిగితే ఏం చెబుతుందని దెప్పింది. దెప్పినా మాట సబబుగానే ఉంది.

మరుసటి రోజు మలుపు దగ్గర ఉరికిన గుంపులో ఒక నడివయసు ఆడమనిషి కూడా ఉంది. చీర కుచ్చిళ్లు ఎగదోపి, తన ఇద్దరు పిల్లల కంటే నాలుగు అడుగులు ముందే ఉంది. రాజమల్లు రైలు ఆపి దిగాడు. ఆమె పేరు ఈరవ్వ, పాత చెరుకు లైను పక్క ఊరామె. పిల్లలను ఎక్కించకుండా నువ్వెందుకు ఉరుకుతున్నావని అడిగాడు. ఆమె రొప్పుతూ, ఇంత తెలివితక్కువ ప్రశ్న ఎక్కడా వినలేదన్నట్టు చూసింది.

“నువ్వే గద బాపు పిలిచినవ్. మలుపు కాడ రెండు కూతలు గొట్టి బండి నిమ్మళం జేసినవ్. చిన్నప్పటి సంది గట్ల గొడితె చెరుకు గుంజుకొమ్మనే గద. నా కాళ్లు నా మాట ఇన్నయా?”

రాజమల్లు పట్టాల పక్కన అలాగే కూర్చుండిపోయాడు.

నిజమే. తనే. ఎప్పుడో కొత్తగా డ్రైవరైన రోజుల్లో, చెరుకు కోసం రైలు వెంట ఉరికిన ఒక పిల్ల పట్టాల పక్క కంకర మీద పడి మోకాలు చీరుకుపోయింది. ఆ రక్తం చూసి ఆయనకు రెండు రోజులు తిండి దిగలేదు. వద్దంటే పిల్లలు వింటారా? వినరు. అందుకని మూడో రోజు నుంచి ఆ మలుపు దగ్గరికి రాగానే రెండు కూతలు కొట్టి, మనిషి నడిచేంత నిదానంగా బండి పోనిచ్చేవాడు. పిల్లలు వచ్చి తలా ఒక గడ గుంజుకుని పక్కకు తప్పుకునేవాళ్లు. ఎవరూ పడలేదు. అక్కడ పట్టాలు బాగాలేవని పైవాళ్లకు చెప్పేవాడు. ఇరవై నాలుగేళ్లు అదే అబద్ధం. ఎవరికీ చెప్పలేదు, ప్రమీలమ్మకు కూడా. ఇప్పుడు పార్కులో మలుపు రాగానే చెయ్యి తనంతట తానే హారన్ మీదికి పోతోంది. ఆ సంగతి చేతికి తప్ప ఆయనకు తెలియదు.

సరే, హారన్ కొట్టకపోతే తీరిపోయె అనుకున్నాడు. శుక్రవారం రబ్బరు బుడ్డిని ఊడదీసి అన్నం డబ్బాలో దాచి మరీ రైలెక్కాడు. మలుపు వచ్చింది. చెయ్యి ఖాళీగా గాలిలో నొక్కింది, నోరు మాత్రం కూ, కూ అనేసింది. అరవై ఏళ్ల మనిషి నోటితో కూత పెడితే జనం ఊరుకుంటారా, ఆ రోజు ఎప్పటికంటే రెట్టింపు మంది ఉరికారు.

అప్పుడు వెనక్కి తిరిగి చూసి, మొదటిసారి ఒక సంగతి గమనించాడు. ముందు ఉరికేది పిల్లలు కాదు. అమ్మలు, బాపులు. పిల్లలు వాళ్ల వెనక పడుతున్నారు. ఈ పిల్లల్లో ఒక్కరూ చెరుకు రైలును చూసి ఎరగరు. చూసినవాళ్లు, గుంజినవాళ్లు, ఆ రుచి మరవనివాళ్లు పెద్దలే. ఇంటికొచ్చి ప్రమీలమ్మకు మొత్తం చెప్పేశాడు, దాచిన అబద్ధంతో సహా. ఆవిడ ఇన్నేళ్లు నాతో ఒక్క ముక్క అనలేదేమని అలిగింది, తర్వాత మోకాలు చీరుకున్న ఆ పిల్ల ఏమైందని అడిగింది. ఆ పిల్ల బాగానే ఉందని చెప్పాక అలక తీరింది. ఇద్దరూ కూర్చుని ఆదివారానికి ఒక ఉపాయం చేశారు.

ఆదివారం పొద్దున్నే రాజమల్లు రెండు మోపుల చెరుకు తెచ్చాడు. మలుపు పొడుగునా పట్టాలకు మూరెడు దూరంలో సున్నంతో గీత గీశాడు. పిల్లలు రైల్లో కూర్చుంటేనే చేతికి ఒక చెరుకు గడ. పెద్దలు గీతకు అవతల నిలబడాలి, కూత వినబడితే ఉరికొచ్చి ఎవరి పిల్లల చేతిలోది వాళ్లు గుంజుకోవాలి. ఈ సంగతి టికెట్ల దగ్గర చెప్పే పని ప్రమీలమ్మ తీసుకుంది. జయరాజ్ తల పట్టుకున్నాడు గానీ, పిల్లలందరూ సీట్లలో కూర్చుంటారన్న మాట విని ఊరుకున్నాడు.

అమ్మను ఉరికించే అవకాశం వస్తే ఏ పిల్ల వదులుకుంటుంది? అయిదు నిమిషాల్లో నాలుగు డబ్బాలూ నిండి, ఇంకా లైను కట్టారు. రైలు మలుపు దగ్గరికి వచ్చింది, రెండు కూతలు పడ్డాయి, బండి నిదానించింది. ఇక చూడాలి ఆ సంబరం. ధోవతి ఎగగట్టిన రైతులు, చంకలో సంచీతో బీడీల అమ్మలక్కలు, ప్యాంటు మడిచిన బస్సు కండక్టరు, అందరూ గీత వెంబడి ఉరుకుతుంటే, పిల్లలు గడలు చాచి, అందేలోగా వెనక్కి లాగి, కిందా మీదా పడి నవ్వారు. “ఉరుకవే అమ్మా,” అని ఈరవ్వ కూతురు గొంతు చించుకుంటోంది. ఈరవ్వ గుంజింది, పిల్ల వదల్లేదు, గడ మధ్యకు విరిగి చెరి సగం వచ్చింది. రాజమల్లు వెనక్కి తిరిగి ఒక్కొక్కరినీ లెక్క చూసుకున్నాడు. ఎవరూ పడలేదు.

రైలు వచ్చి ఆగేసరికి ఆత్మారాం పటేల్ అక్కడ నిలబడి ఉన్నాడు. తెల్ల లాల్చీ, చేతిలో కళ్లద్దాలు. ఇదంతా ఏమిటని జయరాజ్‌ను అడిగాడు. రాజమల్లు సీటు దిగి వచ్చాడు. పట్టాలు పీకినా పీకనీ, ఇంకా దాచడం తన వల్ల కాదనుకున్నాడు. మోకాలు చీరుకున్న పిల్ల నుంచి నోటితో పెట్టిన కూత దాకా అంతా చెప్పేశాడు. పటేల్ ఒక్కటే అడిగాడు.

“మా చేన్ల చెరుకు గూడ గుంజిపిచ్చినవా?”

“గుంజిపిచ్చిన పటేలా. అబద్ధమెందుకు. మీ చెరుకు తియ్యగుంటదని పోరగాండ్లు మీ డబ్బాల కోసమే సూసేటోళ్లు.”

జయరాజ్ కళ్లు మూసుకున్నాడు. ప్రమీలమ్మ చెంగు నోట్లో పెట్టుకుంది. పటేల్ పట్టాల వైపు, మలుపు వైపు, సున్నం గీత దగ్గర చెరుకు నములుతున్న జనం వైపు చూశాడు. ఆయనకూ అప్పటికి నలభై అయిదు దాటాయి.

“నీ రెండు కూతలు నేను గూడ ఇన్న రాజమల్లన్నా. మా బంగ్ల మీదికెల్లి దినాం సూసేటోన్ని. పటేల్ కొడుకువు, నీ చెరుకు నువ్వే గుంజుకుంటవా అని మా బాపు ఒక్కనాడు గూడ దిగనియ్యలే.” కళ్లద్దాలు జయరాజ్ చేతిలో పెట్టాడు. “ఇగ ఆదివారమాదివారం చెరుకు మా చేన్లకెల్లి వస్తది. నువ్వయితె ఇంకోపారి తిప్పు.”

చెప్పులు అక్కడే విడిచి, లాల్చీ చేతులు పైకి మడుచుకుంటూ మలుపు వైపు నడిచాడు. జనం పక్కకు జరిగి దారి ఇచ్చారు. ఆయన ఈరవ్వ పక్కన, సున్నం గీత మీద కాలు పెట్టి నిలబడ్డాడు. రాజమల్లు రైలు తిప్పుకుని వచ్చి, రెండు కూతలు కొట్టి, ఎప్పటికంటే ఇంకొంచెం నిదానం చేశాడు.

మొదటి గడ పటేల్‌కు అందలేదు. రెండోది చేతి దాకా వచ్చి జారిపోయింది. ఆయన రొప్పుతున్నాడు, నవ్వుతున్నాడు, ఆగడం లేదు. చివరి డబ్బాలో ఈరవ్వ కూతురు రెండు చేతులతో గడను బయటికి చాచి, గట్టిగ గుంజు పటేలా అని అరిచింది. ఈసారి ఆ పిల్ల వెనక్కి లాగలేదు.